ముందు నాన్నగారి సంగతి, ఆ తర్వాత అమ్మగారి భుజం

మీరు రాసిందంతా దాదాపుగా అమ్మగారి గురించే. వయసు 53, షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. నాలుగు నెలలుగా కుడి భుజం నొప్పి, జడ వేసుకోలేకపోతున్నారు, రాత్రిళ్లు ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఒకరు ఎంఆర్ఐ తీయించమన్నారు, ఇంకొకరు భుజంలోకి స్టెరాయిడ్ సూది వేయించుకోమన్నారు, ఆ సూదితో షుగర్ పెరిగిపోతుందని మీ భయం. ఇదంతా ఓపికగా రాసి, చివర్లో ఒక్క ముక్క చేర్చారు: నాన్నగారికి ఎడమ జబ్బ లాగుతోంది, మార్కెట్‌కి నడిచి వెళ్లేటప్పుడు వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది, గ్యాస్ అనుకుంటున్నాం, ఆయనకీ ఇవే వ్యాయామాలు చెప్పొచ్చా అని.

వద్దు. ఆయన చేత ఏ వ్యాయామమూ చేయించకండి. రేపు పొద్దున్నే గుండె డాక్టర్‌కి చూపించండి.

భుజం కీలులో తేడా ఉంటే చేయి కదిలించినప్పుడు నొప్పి వస్తుంది. నడిస్తే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పి కీలుది కాదు. నడకతో గుండెకు పని పెరుగుతుంది, దాని రక్తనాళాల్లో అడ్డు ఉంటే సరిపడా రక్తం అందదు, అప్పుడు నొప్పి పుడుతుంది. గుండె నుంచి వచ్చే నరాలూ, ఎడమ చేతి నుంచి వచ్చే కొన్ని నరాలూ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. అందుకే నొప్పి గుండెదైనా చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది. మామూలు ఈసీజీ బాగానే వచ్చినా అంతటితో వదిలేయకండి. నడిస్తేనే వచ్చే నొప్పి కాబట్టి, నడిపించి చేసే టీఎంటీ లాంటి పరీక్ష అవసరమా అని డాక్టర్‌నే అడగండి. ఆ పరీక్ష కూడా డాక్టర్ చూసి సరేనన్నాకే.

ఈలోపు కూర్చుని ఉన్నప్పుడే నొప్పి వచ్చినా, పావుగంటకి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, దవడలోకి పాకినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆయన్ను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని బయల్దేరకండి. ఆయనకూ షుగర్ ఉంటే మరీ జాగ్రత్త, షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి గుండె నొప్పి నొప్పిలాగే ఉండదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఖమ్మంలో ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. కొన్నేళ్ల కిందట రిటైరైన టీచర్ ఒకాయన ఎడమ భుజం నొప్పి అని వచ్చారు. అప్పటికే ఒక చోట పది రోజులు కరెంటు కాపడం పెట్టించుకున్నారు. నేను చేయి పట్టుకుని తిప్పి చూశాను, అన్ని వైపులా హాయిగా తిరిగింది. ఎక్కడా నొప్పి లేదు, బిగుసు లేదు. నొప్పి ఎక్కడుందో చూపించండి సార్ అంటే వేలు పెట్టి చూపించలేకపోయారు, అరచేత్తో ఛాతీ నుంచి జబ్బ దాకా రాశారు. ఎప్పుడొస్తుందంటే, మేడ మెట్లెక్కితే అన్నారు. ఆ సాయంత్రమే గుండె డాక్టర్ దగ్గరికి పంపించాను. రెండు రక్తనాళాల్లో అడ్డు ఉందని తేలింది. అప్పటి నుంచి భుజం నొప్పి అని ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: చేయి కదిపితే వస్తుందా, నడిస్తే వస్తుందా?

ఇక అమ్మగారి సంగతి.

తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజంలో అలా కాదు. బంతి పెద్దది, దాని కింద గిన్నె సాసర్ అంత పలుచన. అందుకే చేయి మనకు అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే ఈ కీలు జారడమూ ఎక్కువ. ఆ బంతిని సాసర్ మీద నిలబెట్టేవి నాలుగు చిన్న కండరాలు. వాటి చివరి పట్టీలన్నీ కలిసి బంతి చుట్టూ కప్పినట్టు ఉంటాయి, దాన్ని రొటేటర్ కఫ్ అంటారు. కీలు చుట్టూ సంచిలాంటి పలుచని పొర ఒకటి ఉంటుంది, అది క్యాప్సూల్. నలభై దాటాక వచ్చే భుజం నొప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటివే: పట్టీలు దెబ్బతినడం, లేదంటే సంచి బిగుసుకుపోవడం. ఏది దెబ్బతిందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు.

అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టండి. రెండు మోచేతులూ నడుముకి ఆనించి, ముంజేతులు ముందుకు చాపమనండి, అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. మోచేతులు నడుము వదలకుండా, తలుపు రెక్కలు తెరిచినట్టు ముంజేతులు రెండూ బయటికి తెరవమనండి. ఎడమ చేయి ఎంత తెరుచుకుంది, కుడి చేయి ఎంత తెరుచుకుంది, చూడండి. ఇప్పుడు కుడి చేతిని మీరు పట్టుకుని, మెల్లగా, బలవంతం లేకుండా బయటికి తెరవండి. లోపల గొళ్లెం వేసినట్టు ఒక చోట ఆగిపోతే, అంటే ఆవిడ తెరిచినా మీరు తెరిచినా అక్కడే ఆగితే, సంచి బిగుసుకుందన్నమాట. అలా కాకుండా మీరు తెరిస్తే తెరుచుకుంటూ, మీరు లేపితే పైకి లేస్తూ, ఆవిడంతట ఆవిడ మాత్రం లేపలేకపోతే గొడవ పట్టీలది.

మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారిది మొదటిదే అనిపిస్తోంది. దాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. డాక్టర్ చీటీ మీద పెరిఆర్థరైటిస్ అనో పి.ఏ. షోల్డర్ అనో రాసి ఉంటే అవి వేరే జబ్బులేమోనని కంగారు పడకండి, మన దగ్గర ఆ పేర్లు దీనికే వాడతారు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, ఆడవాళ్లలో ఎక్కువగా వస్తుంది. షుగర్ లేనివాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో పది నుంచి ఇరవై మందికి వస్తుంది. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లకూ ఎక్కువే, అందుకే అమ్మగారికి థైరాయిడ్ పరీక్ష ఈ మధ్య చేయించకపోతే చేయించండి. నా దగ్గరికి భుజం పట్టేసిందని వచ్చి, షుగర్ ఉన్నట్టు అప్పుడే తెలుసుకున్న ఆడవాళ్లు ఉన్నారు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా, ఈ జబ్బులో అలాగే ఉంటుంది. సంచి మెత్తని పొర, ఎక్స్‌రేలో కనపడదు. అలాగని ఎక్స్‌రే వృథా కాలేదు. కీలు అరిగిపోయినా, ఫిట్స్ వచ్చినప్పుడో కరెంటు షాక్ కొట్టినప్పుడో బంతి వెనక్కి జారి అక్కడే ఇరుక్కున్నా చేయి ఇలాగే బయటికి తెరుచుకోదు. వెనక్కి జారిన భుజం ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. అమ్మగారికి ఫిట్స్, షాక్ లాంటివి ఏమీ లేవు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

ఎంఆర్ఐ ఇప్పుడు అవసరం లేదనే నా అభిప్రాయం. ఈ వయసు దాటినవాళ్లలో నొప్పి లేని భుజాన్ని స్కాన్ చేసినా పట్టీల్లో అరుగుదలో, చిన్న చిరుగో కనిపించడం మామూలే. రిపోర్టులో చిరుగు అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు, నొప్పికి అసలు కారణం మాత్రం పక్కకి పోతుంది. కింద పడ్డాక నొప్పి మొదలైనా, చేతిలో బలం తగ్గినా, రెండు మూడు నెలలు సరైన వైద్యం చేసినా ఏ మార్పూ లేకపోయినా, అప్పుడు తీయించాల్సిందే.

సూది విషయంలో మాత్రం మీ భయాన్ని కొంచెం సరిచేయాలి. రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి ఉన్న దశలో కీలు లోపలికి వేసే స్టెరాయిడ్ సూది బాగా పనిచేస్తుంది. షుగర్ పెరుగుతుంది, నిజమే. అయితే సాధారణంగా అది కొన్ని రోజులు, ఓ వారం దాకా ఉండి దిగిపోతుంది. ముందు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించండి. అది మరీ ఎక్కువగా ఉంటే షుగర్ తగ్గించుకున్నాక సూది. వేయించుకోబోతున్నట్టు షుగర్ డాక్టర్‌కి ముందే చెప్పండి, ఆ వారం రోజూ ఇంట్లో షుగర్ చూసుకోండి. సూది ఇచ్చే ఉపశమనం కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు. అది ఇంట్లో కూర్చుని గడిపే సమయం కాదు, నొప్పి తగ్గిన ఆ వారాల్లోనే వ్యాయామం చేసి కీలును వదులు చేసుకోవాలి. నెలనెలా మళ్లీ మళ్లీ వేయించుకోకూడదు. ఇదంతా ఎముకల డాక్టర్ శుభ్రంగా కీలులోకి వేసే సూది గురించి చెబుతున్నాను. ఊళ్లో పిర్రకి వేసే నొప్పి ఇంజెక్షన్ వేరు, దాన్నీ దీన్నీ ఒకటి అనుకోకండి.

నాలుగు నెలల్లో నొప్పి మాత్రలు ఎన్ని మింగారో మీరు రాయలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి షుగర్ ఉన్నవాళ్లు నెలల తరబడి వాడితే కిడ్నీలకు, కడుపుకు దెబ్బ. బీపీ కూడా ఉంటే ఇంకా ప్రమాదం. వాడుతుంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే వాతం మందులు అసలు వద్దు. కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపేస్తారు, రెండు రోజుల్లో నొప్పి మాయమయ్యేది దానివల్లే. షుగర్ ఎందుకు పెరిగిపోయిందో మాత్రం ఎవరికీ అర్థం కాదు.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదట నొప్పి ఎక్కువ, బిగుసు మెల్లగా పెరుగుతుంటుంది. తర్వాత నొప్పి తగ్గుతుంది గానీ చేయి కదలదు. చివరి దశలో కొద్దికొద్దిగా వదులుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఆలస్యం. చాలామందికి చేయి మళ్లీ పనికి వస్తుంది, కొందరికి కాస్త బిగుసు మిగిలిపోతుంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది. పది రోజుల్లో తగ్గిస్తామన్న చోటికల్లా తిరిగి డబ్బులు, ధైర్యం రెండూ పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

అమ్మగారు ఇప్పుడు మొదటి దశలో ఉన్నట్టున్నారు. ఈ దశలో చేతిని గట్టిగా గుంజకూడదు. పనిలో చేరిన కొత్తలో నేనూ పట్టు వదలాలని బలంగా లాగేదాన్ని. వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, మర్నాడు నొప్పి రెట్టింపుతో వచ్చేవాళ్లు, కొందరు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. అప్పటి నొప్పికి నాది తప్పే. ఇప్పుడు ఎవరైనా చేయి విరిచేలా లాగుతుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయమని చెబుతున్నాను. చేసిన వ్యాయామం నొప్పి గంటలోపు సర్దుకుంటే సరిపోయినట్టు. ఆ రాత్రి నిద్ర చెడితే మర్నాడు సగానికి తగ్గించాలి.

మొదటిది లోలకం. ఎడమ చేయి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, కుడి చేతిని కింద వేలాడదీసి, నడుము కదలికతోనే చేయి ఊగేలా చేయాలి. రెండు నిమిషాలు, రోజుకు మూడు సార్లు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరును 1934లో పెట్టిన బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పేరే ఈ వ్యాయామానికీ ఉంది. రెండోది, వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకి ఆనించి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, ఎడమ చేత్తో కుడి చేతిని బయటికి నెమ్మదిగా నెట్టడం. మూడోది గోడ. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించి, ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి పక్కన తేదీ రాయండి. రోజూ చూస్తే తేడా తెలియదు, నెల తర్వాత గీతలు చూస్తే తెలుస్తుంది. వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే కీలు కాస్త వదులుగా ఉంటుంది. టవల్‌తో వీపు వెనక చేయి పైకి లాగే వ్యాయామం ఇప్పుడు వద్దు, నొప్పి తగ్గిన దశలో చూద్దాం.

రాత్రి వెల్లకిలా పడుకుంటే కుడి మోచేయి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టండి, చేయి వెనక్కి వాలకుండా ఉంటుంది. ఎడమ వైపు తిరిగితే ఛాతీ ముందు దిండు పెట్టుకుని దాని మీద కుడి చేయి వేసుకోవాలి. జాకెట్ వేసుకునేటప్పుడు నొప్పి చేయి ముందు, విప్పేటప్పుడు నొప్పి చేయి చివర. వెనక హుక్స్ ఉన్న జాకెట్లు ఉంటే టైలర్‌కిచ్చి ముందుకు మార్పించండి. నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది హుక్ పెట్టుకోలేకపోతున్నామని మగ డాక్టర్‌కి చెప్పలేక నెలలు గడిపేశారు. అమ్మగారు కూడా మీకు చెప్పినదానికంటే ఎక్కువే ఓర్చుకుంటూ ఉండొచ్చు. జడ మీరో, పక్కింటివాళ్లో వేయండి, వంటింట్లో సామాన్లు అటక మీద నుంచి కిందికి దించి పెట్టండి.

తలుపు పరీక్షలో గొళ్లెం పడకపోతే మాత్రం కథ మారుతుంది. పట్టీల నొప్పి చేయి పక్కకి లేపేటప్పుడు మధ్యలో పట్టుకుంటుంది, పైకి పూర్తిగా లేచాక తగ్గుతుంది. తల కంటే ఎత్తులో పనిచేసేవాళ్లకి ఇది ఎక్కువ. రంగులు వేసేవాళ్లు, బోర్డు మీద రాసే టీచర్లు, మా మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీలు సీజన్‌లో ఈ నొప్పితోనే వస్తారు. కొన్ని వారాలు ఆ పని తగ్గించి, భుజం చుట్టూ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేస్తే ఎక్కువమందికి సర్దుకుంటుంది. ఒక్క రాత్రిలో చేయి తాకనివ్వనంత నొప్పి పుడితే పట్టీలో సున్నం పేరుకుని ఉండొచ్చు. అది ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది, చూడటానికి భయంకరమే గానీ చాలావరకు తగ్గిపోయే నొప్పి. నొప్పి మెడ దగ్గర పుట్టి మోచేయి దాటి వేళ్ల దాకా జిమ్మని పాకుతుంటే, చేయి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉంటుంటే, అది మెడ నరం. దానికి భుజం మీద ఎన్ని రోజులు కాపడం పెట్టినా లాభం లేదు.

కింద పడ్డాక వచ్చే భుజం నొప్పిని తేలిగ్గా తీసుకోకండి. అరవై దాటినవాళ్లు బాత్‌రూమ్‌లో జారిపడి, చేయి లేపలేకపోతుంటే, ఎముక విరగలేదన్న మాటతో ఇంటికి వచ్చేయకూడదు. పట్టీ పూర్తిగా తెగి ఉండొచ్చు. తెగిన పట్టీ వెనక్కి ముడుచుకుపోతుంది, కండరం సన్నబడి కొవ్వు పడుతుంది, నెలలు గడిస్తే ఆపరేషన్ చేసినా కుట్టు నిలవడం కష్టం. రెండు మూడు వారాల్లోనే స్కాన్ చేయించాలి. భుజం జారి గూడు పల్లంగా కనిపిస్తే ఎవరి చేతా లాగించవద్దు. చేతిని బట్టతో మెడకి వేలాడదీసి, ఎక్స్‌రే ఉన్న చోటికి అదే రోజు వెళ్లాలి. తాటిచెట్టు మీద నుంచి పడిన ఒక గీత కార్మికుడు నాటు కట్టుతో నెల ఆగి వచ్చాడు. కట్టు విప్పితే బంతి ఇంకా బయటే ఉంది. మొదటి రోజు మత్తిచ్చి నిమిషాల్లో కూర్చోబెట్టగలిగేదానికి పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఆ చేత్తో మళ్లీ చెట్టెక్కలేదు. ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్లు ఉంటే, వాళ్లను లేపేటప్పుడు పడిపోయిన చేయి పట్టుకుని గుంజకండి. పట్టు లేని భుజం అలాగే జారిపోతుంది.

భుజం ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు, షుగర్ ఉన్నవాళ్లు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కుడి భుజం పైన నొప్పితో పాటు కుడి డొక్కలో నొప్పి, నూనె వంట తిన్నాక వాంతులు ఉంటే పిత్తాశయం చూపించాలి. నెల తప్పిన అమ్మాయికి కడుపు నొప్పితో పాటు భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో ఉండి పగిలిందేమో, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. పొట్టకి దెబ్బ తగిలాక ఎడమ భుజం నొప్పి పుట్టినా అంతే, లోపల రక్తం కారుతుండొచ్చు. లాపరోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు వచ్చే భుజం నొప్పి మాత్రం పొట్టలో నింపిన గాలి వల్ల, దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి బీడీ, సిగరెట్ తాగినవాళ్లకి విడవని భుజం నొప్పి, చేతివేళ్లలో బలం తగ్గడం, ఒక కనురెప్ప వాలడం కనిపిస్తే ఊపిరితిత్తి పైభాగాన్ని ఎక్స్‌రే తీయించాలి. బరువు తగ్గుతూ సాయంత్రం జ్వరం వస్తుంటే టీబీ పరీక్ష.

అమ్మగారిని ఈ వారంలో ఎముకల డాక్టర్‌కి చూపించండి. పాత ఎక్స్‌రే, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, క్రియాటినిన్ రిపోర్టులు, వాడిన మాత్రల ఖాళీ అట్టలు తీసుకెళ్లండి. తలుపు పరీక్షలో మీరు చూసిన తేడా చెప్పండి, సూది గురించి ఆయన్నే అడగండి. వ్యాయామాలు ఎలా సాగుతున్నాయో, గోడ మీద గీత ఎక్కడిదాకా వచ్చిందో నెల తర్వాత నాకు రాయండి. నాన్నగారి రిపోర్టు సంగతి మాత్రం రేపు సాయంత్రానికే తెలియజేయండి, ఎదురుచూస్తుంటాను.